ఏడెన్ రేవు ఎందుకు ఖాళీ అయింది? మళ్ళీ తెరపైకి 2008 ఒప్పందం

2025 డిసెంబర్ 30న యెమెన్‌లోని ముకల్లా రేవు మీద సౌదీ అరేబియా నేతృత్వంలోని సంకీర్ణ సేన బాంబులు వేసింది. యూఏఈలోని ఫుజైరా నుంచి వచ్చిన ఓడల్లో దక్షిణ యెమెన్ వేర్పాటువాదుల కోసం ఆయుధాలు, వాహనాలు దించారన్నది సౌదీ ఆరోపణ. ఆయుధాలు లేవని, ఆ వాహనాలు తమ సైన్యం కోసమేనని యూఏఈ జవాబిచ్చింది. అదే రోజు యెమెన్ అధ్యక్ష మండలి అధినేత రషాద్ అల్ అలీమీ యూఏఈతో రక్షణ ఒప్పందాన్ని రద్దు చేసి, వాళ్ళ సైన్యం 24 గంటల్లో దేశం విడిచి వెళ్ళాలని ఆదేశించారు. పదేళ్ళకు పైగా ఒకే కూటమిలో ఉన్న రెండు దేశాలు ఒక రేవు దగ్గర ఇలా బహిరంగంగా తలపడటంతో, యెమెన్ జనం ఎప్పటినుంచో అనుకుంటున్న మాట మళ్ళీ బయటికొచ్చింది: 2008 ఒప్పందంతో యూఏఈకి చెందిన దుబాయ్ సంస్థ డీపీ వరల్డ్ చేతికి వెళ్ళిన దక్షిణ యెమెన్ రేవు ఏడెన్‌ను కావాలనే ఎండబెట్టారు.

ముకల్లా, షిహ్ర్ పేర్లు హైదరాబాద్ బార్కస్‌లో చాలా కుటుంబాలకు తెలిసినవే. నిజాం సైన్యంలో పనిచేసిన హద్రమీ అరబ్బులు ఆ తీరం నుంచి వచ్చినవాళ్ళే. ఏడెన్ కథ వేరు. అది సైనికులను పంపిన ఊరు కాదు, ఓడలను పిలిచిన ఊరు.

బ్రిటిష్‌వాళ్ళు 1839లో ఏడెన్‌ను పట్టుకోవడం, 1937 దాకా దాన్ని ఇండియాలో భాగంగానే పాలించడం, ధీరూభాయ్ అంబానీ అక్కడి ఎ. బెస్ కంపెనీలో ఉద్యోగం చేయడం చాలామంది చదివిందే. 1950ల్లో న్యూయార్క్ తర్వాత అంత రద్దీ ఉన్న రేవు ఇదేనని చెప్పుకునేవారు. 1967 జూన్‌లో యుద్ధంతో సూయజ్ కాలువ మూతపడింది, ఎనిమిదేళ్ళు తెరుచుకోలేదు. అదే ఏడాది నవంబర్ 30న బ్రిటిష్‌వాళ్ళు వెళ్ళిపోయారు. ఏడెన్ పతనం గురించి రాసేవాళ్ళు ఎక్కువమంది ఇక్కడే ఆగిపోతారు. సూయజ్ మూతపడింది, రేవు పోయింది, అంతే అంటారు. నాకు ఈ వివరణ సరిపోదు. సూయజ్ 1975లోనే తెరుచుకుంది. సింగపూర్, దుబాయ్, కొలంబో పెద్ద కంటైనర్ రేవులుగా ఎదిగింది ఆ తర్వాతే. ఏడెన్ కూడా ఒకసారి లేచింది. లేచాక మళ్ళీ ఎలా పడిందన్నదే ఇవాళ్టి గొడవకు అసలు మూలం.

ముందు ఆ రేవు ఎక్కడుందో చూడాలి. యూరప్, ఆసియాల మధ్య తిరిగే ఓడ బాబ్ ఎల్ మందబ్ జలసంధి దాటాక తన దారి నుంచి కొన్ని నాటికల్ మైళ్ళు పక్కకు తిరిగితే ఏడెన్ చేరుతుంది. చుట్టూ కొండలు, మధ్యలో సహజంగా ఏర్పడిన లోతైన నౌకాశ్రయం. అదే దుబాయ్‌లోని జెబెల్ అలీ రేవుకు వెళ్ళాలంటే ఓడ ప్రధాన మార్గం వదిలి హార్ముజ్ జలసంధిలోకి దూరి, మళ్ళీ అదే దారిన బయటికి రావాలి. పెద్ద ఓడలో వచ్చిన కంటైనర్లను చిన్న ఓడల్లోకి మార్చి చుట్టుపక్కల దేశాలకు పంపే ట్రాన్స్‌షిప్‌మెంట్ వ్యాపారంలో ఈ తేడా చాలా పెద్దది. మన కంటైనర్లు కొలంబోలో ఓడ మారడానికి ఒక ముఖ్య కారణం కూడా ఇదే: ఆ రేవు పెద్ద దారి పక్కనే ఉంది.

ఈ వ్యాపారం కోసమే 1999లో ఏడెన్‌లో కొత్త కంటైనర్ టెర్మినల్ తెరిచారు. 700 మీటర్ల బెర్త్ (ఓడలు ఆగే గట్టు), 16 మీటర్ల లోతు, భాగస్వామిగా సింగపూర్ రేవును నడిపే పీఎస్‌ఏ సంస్థ. మొదలు బాగానే ఉంది. 2000 అక్టోబర్ 12న ఏడెన్ నౌకాశ్రయంలో ఇంధనం కోసం ఆగిన అమెరికా యుద్ధనౌక కోల్‌ను పేలుడు పదార్థాలతో నిండిన పడవ ఢీకొట్టింది. 17 మంది నావికులు చనిపోయారు. రేవు ఆ దెబ్బను తట్టుకుంది. రెండేళ్ళ తర్వాత, 2002 అక్టోబర్ 6న, ఫ్రెంచ్ చమురు ఓడ లింబర్గ్ మీద అలాంటి దాడే జరిగింది. అది జరిగింది ముకల్లా దగ్గర, ఏడెన్‌కు వందల కిలోమీటర్ల దూరంలో. అయినా లండన్ బీమా కంపెనీలు యెమెన్ తీరం మొత్తానికీ కలిపి ప్రీమియం పెంచేశాయి. ఏడెన్‌లో సెప్టెంబర్ నెలలో దాదాపు 43 వేలుగా ఉన్న కంటైనర్ల సంఖ్య నవంబర్‌కు 3 వేలకు పడిపోయింది. ఆ దాడి జరగని రేవు రెండు నెలల్లో ఖాళీ అయింది. 2003లో పీఎస్‌ఏ వెళ్ళిపోయింది.

తర్వాత జరిగిన దాన్ని చాలామంది మర్చిపోతారు. ఏడెన్ కోలుకుంది. దుబాయ్ కేంద్రంగా ఉన్న ఓవర్సీస్ పోర్ట్ మేనేజ్‌మెంట్ అనే అంతగా పేరులేని సంస్థ నిర్వహణ చూస్తే, 20 అడుగుల కంటైనర్ల లెక్కన ఏడాదికి దాదాపు 5 లక్షల దాకా వచ్చాయి. క్రేన్ల మీద పనిచేసింది స్థానికులే. అంటే 2008 నాటికి ఏడెన్ చచ్చిన రేవు కాదు. దెబ్బ తిని మళ్ళీ నిలబడిన రేవు.

సరిగ్గా ఆ దశలో, 2008లో, యెమెన్ ప్రభుత్వం దుబాయ్ సంస్థ డీపీ వరల్డ్‌తో చెరి సగం భాగస్వామ్యానికి సంతకం చేసింది. ఆ సంతకం పడింది ఉత్తరాదిలోని రాజధాని సనాలో, అధ్యక్షుడు అలీ అబ్దుల్లా సలేహ్ హయాంలో. 1994 అంతర్యుద్ధంలో ఏడెన్ కేంద్రంగా ఉన్న దక్షిణాది ఉత్తరాది చేతిలో ఓడిపోయాక, దక్షిణాది ఆస్తుల మీద నిర్ణయాలన్నీ ఉత్తరాదినే జరిగేవి. దాని మీద 2007 నుంచి ఏడెన్ వీధుల్లో దక్షిణ ఉద్యమం నడుస్తోంది. తమ ఊరికి ఉన్న ఒకే ఒక్క పెద్ద ఆస్తిని తమను అడగకుండా ఇచ్చేశారన్న కోపం ఒప్పందం మొదటి రోజు నుంచే ఉంది.

అంతకంటే పెద్ద అభ్యంతరం ఇంకొకటి. డీపీ వరల్డ్ సొంత ఇల్లు జెబెల్ అలీ. బాబ్ ఎల్ మందబ్ జలసంధికి అవతలి ఒడ్డున, ఆఫ్రికా వైపు, జిబూతి రేవు నిర్వహణ 2000 నుంచి ఆ గ్రూపు చేతిలోనే ఉంది. అక్కడ దొరాలేలో కొత్త కంటైనర్ టెర్మినల్ కట్టి 2009లో తెరిచింది కూడా అదే. అంటే ఏడెన్‌కు రావాల్సిన ఓడ ఎడమవైపు తిరిగినా, కుడివైపు తిరిగినా లాభం ఒకే సంస్థకు. ఎదురు కొట్టు యజమానికే మన కొట్టు తాళాలిచ్చి, బేరం పెంచమని అడిగినట్టయింది. ఏడెన్ రేవు కార్మికులు, వర్తకులు అప్పుడు అడిగిందీ ఇదే: ఓడను ఎక్కడికి పంపాలో నిర్ణయించేటప్పుడు ఈ సంస్థ ఏడెన్‌ను ఎందుకు ఎంచుకుంటుంది?

వాళ్ళ భయం అంకెల్లో కనిపించింది. ఒప్పందానికి ముందు 5 లక్షల దగ్గర ఉన్న కంటైనర్లు 2011 వచ్చేసరికి 2 లక్షలకు కూడా చేరలేదు. విస్తరణ చేస్తామన్న మాట ఉంది, బెర్త్ పొడవు పెరగలేదు. కొత్త పెద్ద క్రేన్లు రాలేదని, ఉన్నవాటికే మరమ్మతులు సరిగ్గా లేవని ఏడెన్‌వాళ్ళు ఫిర్యాదు చేశారు. జీతాల మీద, ఉద్యోగ భద్రత మీద సమ్మెలు జరిగాయి. రేవు మీద బతికే ఊరు అది. ఓడ రాకపోతే లారీకి పని లేదు, గోడౌన్‌కు పని లేదు, రేవు బయట టీ అమ్మేవాడికీ పని లేదు. ఏడెన్ యువత వేర్పాటువాదం వైపు మళ్ళడానికి కారణాలు వెతికేవాళ్ళు సిద్ధాంతాల కంటే ముందు ఈ మూడేళ్ళ లెక్క చూడాలని నా అభిప్రాయం.

డీపీ వరల్డ్ వైపు నుంచి చూస్తే పరిస్థితులు బాగాలేవన్నది నిజమే. 2008–09లో ప్రపంచమంతా ఆర్థిక మాంద్యం. అదే సమయంలో గల్ఫ్ ఆఫ్ ఏడెన్‌లో సోమాలీ పైరేట్ల దాడులు పతాక స్థాయిలో ఉన్నాయి. 2011లో సలేహ్‌కు వ్యతిరేకంగా తిరుగుబాటు.

ఈ వాదనకు జవాబు పక్క దేశంలోనే ఉంది. ఒమన్‌లోని సలాలా రేవు అదే సముద్రం మీద ఉంది, అవే పైరేట్ల భయాల మధ్య, అదే మాంద్యంలో పనిచేసింది. 2009లో అక్కడ 30 లక్షలకు పైగా కంటైనర్లు దిగాయి, ఎక్కాయి. సలాలాకు మెర్స్క్ లాంటి పెద్ద షిప్పింగ్ కంపెనీ అండ ఉంది, స్థిరమైన ప్రభుత్వం ఉంది, కాబట్టి రెండింటినీ సూటిగా పోల్చలేం. కానీ ఒక తేడా మాత్రం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. సలాలాను నడిపేవాళ్ళకు సలాలా పెరగడం అవసరం.

2012లో సలేహ్ దిగిపోయి, దక్షిణాదికే చెందిన అబ్ద్ రబ్బు మన్సూర్ హాదీ అధ్యక్షుడయ్యారు. ఏడెన్ ఒప్పందం రద్దు కోసం ఒత్తిడి పెరిగింది. చివరికి రాజీ కుదిరి, ఆ ఏడాదే డీపీ వరల్డ్ తన వాటా వదిలేసి వెళ్ళింది. టెర్మినల్ ప్రభుత్వ సంస్థ గల్ఫ్ ఆఫ్ ఏడెన్ పోర్ట్స్ కార్పొరేషన్ చేతికి వచ్చింది. ఆరేళ్ళ తర్వాత, 2018 ఫిబ్రవరిలో, జిబూతి కూడా దొరాలే టెర్మినల్‌ను డీపీ వరల్డ్ నుంచి లాక్కుంది. అక్కడ లండన్ మధ్యవర్తిత్వ కోర్టు డీపీ వరల్డ్ వైపు పలు తీర్పులు ఇచ్చింది. చట్టం ప్రకారం జిబూతి చేసింది తప్పు కావచ్చు. అయినా ఆ ఇరుకు జలసంధికి రెండు ఒడ్డులా ఒకే సంస్థ మీద ఒకే రకం అసంతృప్తి పుట్టడం యాదృచ్ఛికం అనుకోలేం.

రేవు సొంత చేతుల్లోకి వచ్చిన మూడేళ్ళకే యుద్ధం వచ్చింది. 2015 మార్చిలో ఉత్తరాది తిరుగుబాటుదారులైన హూతీలు ఏడెన్‌లోకి చొచ్చుకొచ్చారు, జూలైలో యూఏఈ సైనిక సాయంతో వాళ్ళను తరిమేశారు. ఏడెన్‌వాళ్ళు ఆ సాయానికి కృతజ్ఞతగానే ఉన్నారు, ఆ యుద్ధంలో ఎమిరేట్స్ సైనికులు కూడా ప్రాణాలు పోగొట్టుకున్నారు. కానీ 2012లో ఒప్పందం రద్దయి వెనక్కి వెళ్ళిన దేశమే మూడేళ్ళకు తుపాకులతో తిరిగొచ్చి ఊరి మీద అధికారం చూపడం వాళ్ళను కలవరపెట్టింది. 2017 మేలో యూఏఈ మద్దతుతో దక్షిణాది వేర్పాటువాదుల సంస్థ దక్షిణ పరివర్తన మండలి ఏర్పడింది. 2019 ఆగస్టులో అది ఏడెన్‌ను స్వాధీనం చేసుకుంది. మండలి నాయకులు దక్షిణాదికి స్వతంత్రం కావాలన్నారు, కానీ వాళ్ళ వెనకున్న దేశానికి పోటీ రేవు ఉందన్న సంగతి వాళ్ళ సభల్లో ఎప్పుడూ పెద్దగా వినపడలేదు.

సంకీర్ణం పెట్టిన తనిఖీలూ రేవును దెబ్బతీశాయి. ఏడెన్‌కు వచ్చే ఓడలు సౌదీలోని జెద్దా దగ్గర ఆగి, తనిఖీ పూర్తయ్యాకే రావాల్సి ఉండేది. రోజులు వారాలయ్యేవి, ఆలస్యానికి అయ్యే ఖర్చు కాస్తా పిండి, బియ్యం ధరల్లో కలిసేది. దక్షిణ రేవులకు ఓడలు నేరుగా రావడానికి 2023లో గాని వీలు కాలేదు. ఆలోగా హూతీల చేతిలోని హొదైదా రేవు మీద ఆంక్షలు సడలాయి. ఏడెన్ నుంచి రోడ్డు మార్గంలో వచ్చే సరుకు మీద హూతీలు మళ్ళీ సుంకం వసూలు చేయడంతో ఉత్తరాది వర్తకులు హొదైదా దారి పట్టారు.

ఇది చాలదన్నట్టు 2023 నవంబర్ నుంచి ఓడల మీద హూతీల దాడులు మొదలయ్యాయి. 2024 జనవరి 26న గల్ఫ్ ఆఫ్ ఏడెన్‌లో క్షిపణి తగిలి మార్లిన్ లువాండా అనే చమురు ఓడకు మంటలు అంటుకున్నాయి. అందులో 22 మంది భారతీయులు, ఒక బంగ్లాదేశీ ఉన్నారు. మంటలార్పడానికి వెళ్ళింది మన ఐఎన్‌ఎస్ విశాఖపట్నం. మార్చి 6న ట్రూ కాన్ఫిడెన్స్ ఓడ మీద జరిగిన దాడిలో ముగ్గురు నావికులు చనిపోయారు. 2002లో లాగే మళ్ళీ బీమా పెరిగింది, పెద్ద ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగి పోవడం మొదలుపెట్టాయి. తేడా ఏమిటంటే, 2002లో ఏడెన్ వెనక పీఎస్‌ఏ ఉంది, నెలకు 43 వేల కంటైనర్లు ఉన్నాయి. ఈసారి కోల్పోవడానికి అంత కూడా లేదు.

ఇప్పుడు యూఏఈ సైన్యం వెళ్ళిపోయింది, 2026 జనవరిలో ఏడెన్ మీద పరివర్తన మండలి పట్టు కూడా పోయింది. ప్రభుత్వానికి నిధులిచ్చేది, భద్రత చూసేది ఇక సౌదీయే. ఏడెన్ రేవుకు మళ్ళీ పెట్టుబడి వస్తుందన్న ఆశ మొదలైంది, అది సహజం. అయితే 2008లో అడగని ప్రశ్నను ఈసారి సంతకానికి ముందే అడగాలి. సౌదీకి ఎర్రసముద్రం మీద జెద్దా ఇస్లామిక్ పోర్ట్ ఉంది, దానికి ఉత్తరాన కింగ్ అబ్దుల్లా పోర్ట్ ఉంది. రెండూ ఏడెన్ కోరుకునే ట్రాన్స్‌షిప్‌మెంట్ వ్యాపారం కోసమే పోటీ పడుతున్నాయి. జెద్దాలో ఒక పెద్ద టెర్మినల్‌ను 30 ఏళ్ళ ఒప్పందం మీద నడుపుతున్నది డీపీ వరల్డే.