డార్ట్‌మూర్ రాతి శిలువలు: అపోహలు, వాస్తవాలు

ఇంగ్లండ్ నైరుతి మూలన, డెవన్ కౌంటీలో డార్ట్‌మూర్ అనే విశాలమైన బీడు నేల ఉంది. అక్కడ దారి పక్కన నిలబెట్టిన గ్రానైట్ శిలువల మరమ్మతులు చూడటం నా పని. చూడటానికి వచ్చేవాళ్ల నోట తరచూ వినే మాటలు ఇవి.

అపోహ: శిలువ ఉందంటే కింద సమాధి ఉన్నట్టే.

దాదాపు అందరూ అనే మాట ఇదే. కానీ వీటిలో చాలావరకు దారి చూపే రాళ్లు. 9వ శతాబ్దం నుంచి 15వ శతాబ్దం దాకా ఈ ప్రాంతమంతా నిలబెట్టారు. పొగమంచు దిగితే ఇక్కడ ముందున్న మనిషే కనబడడు, పక్కనేమో ఊబి. అలాంటి చోట తర్వాతి శిలువ కంటబడితే బాటసారికి ప్రాణం లేచొచ్చేది. కొన్ని పొలిమేర రాళ్లుగానూ పనికొచ్చాయి. 1240లో రాజుగారి అడవి (అంటే రాజు వేటకు కేటాయించిన నేల) హద్దులు తిరిగి చూసినవాళ్లు సివర్డ్స్ క్రాస్‌ను హద్దు గుర్తుగా రాసుకున్నారు. బెన్నెట్స్ క్రాస్ మీదున్న డబ్ల్యూ, బీ (వారెన్ బౌండ్స్) అక్షరాలు మాత్రం తర్వాత చెక్కినవి, కుందేళ్లు పెంచే భూమికి హద్దు అని.

అపోహ: మచ్చలన్నీ కడిగేస్తే రాయి బాగుపడుతుంది.

దయచేసి ఆ పని చేయకండి. ఆ మచ్చలు లైకెన్లు. మన బిర్యానీ మసాలాలో వేసే రాతిపువ్వు కూడా లైకెనే. గ్రానైట్‌కు వీటివల్ల పెద్ద హాని లేదు, వీటిలో కొన్ని ఏడాదికి మిల్లీమీటరు కూడా పెరగవు. ప్రెషర్ వాషర్ పెడితే వాటితోపాటు అరిగిపోయి మిగిలిన చెక్కడమూ పోతుంది.

అపోహ: విరిగితే ఇనుప పట్టీ, సిమెంటు చాలు.

సివర్డ్స్ క్రాస్‌ను 19వ శతాబ్దంలో ఇనుప పట్టీలతోనే నిలబెట్టారు. ఇనుము తుప్పు పడితే ఉబ్బుతుంది, ఉబ్బితే రాయిని చీలుస్తుంది. ఇప్పుడు స్టెయిన్‌లెస్ స్టీలు, సున్నం వాడతాం. రేపు ఎవరైనా విప్పాల్సి వస్తే రాయి పగలకుండా విప్పగలగాలి.

అపోహ: నా పొలంలోది, నా ఇష్టం.

రక్షిత జాబితాలో చేరినా రాయి యజమానిదే. కానీ 1979 నాటి పురాతన కట్టడాల చట్టం ప్రకారం ముందస్తు అనుమతి లేకుండా కదిలిస్తే నేరం. మంచి మనసుతో చేసిన రిపేరైనా అంతే. ఈ రాయి విలువలో సగం అది నిలబడ్డ చోటులోనే ఉంది. మ్యూజియంలో పెడితే అది ఏ దారీ చూపదు.

ఈ రోజుల్లో మాకు ఎక్కువ పని పెట్టేవి ఆవులు. చెట్లు లేని చోట ఒళ్లు రుద్దుకోవడానికి వాటికి శిలువే దిక్కు. అవి తొక్కీ తొక్కీ శిలువ మొదలు దగ్గర గుంట పడుతుంది, రాయి ఒరుగుతుంది. అలా ఒరిగింది కనిపిస్తే మీరు నెట్టి సరిచేయకండి. ఫోటో తీసి డార్ట్‌మూర్ నేషనల్ పార్క్ ఆఫీసుకు చెప్పండి.