సొరచేప పన్నుకు లేని పర్మిట్ సముద్రపు ఆవు ఎముకకు ఎందుకు?

ఫ్లోరిడా పశ్చిమ తీరంలో తుపాను వెలిసి, వెనిస్ బీచ్ మళ్ళీ తెరిచారంటే సొరచేప పళ్ళు, ఇతర శిలాజాలు ఏరడానికి జల్లెడలు పట్టుకుని జనం దిగిపోతారు. టాంపా నుంచి మనవాళ్ళు కూడా పిల్లల్ని తీసుకుని వెళ్తుంటారు. ఆ వెంటనే పాత తగువు కూడా లేస్తుంది: కెరటాలు ఒడ్డుకు చేర్చిన శిలాజం ఎవరిది?

కోటి ఏళ్ల కిందట ఈ ప్రాంతం సముద్రం కింద ఉండేది, ఈ శిలాజాలు ఆ నాటివే. తగువు మొదలైంది మాత్రం 1980ల్లో రాష్ట్రం తెచ్చిన చట్టంతో. ప్రభుత్వ భూమిలో, నీటి అడుగున దొరికే వెన్నెముక జీవుల శిలాజాలు రాష్ట్రానివేనని ఆ చట్టం చెప్పింది. అవి ఏరాలంటే గెయిన్స్‌విల్‌లోని ఫ్లోరిడా మ్యూజియం నుంచి పర్మిట్ తీసుకోవాలి. ఒక్క సొరచేప పళ్ళకే మినహాయింపు. గొడవంతా ఈ మినహాయింపుతోనే వచ్చింది. పన్ను ఏరుకోవచ్చు కాబట్టి పక్కనున్న ఎముకా ఏరుకోవచ్చనే జనం అనుకున్నారు.

ఆ ఎముక చాలాసార్లు మెటాక్సిథీరియం అనే, ఇప్పుడు అంతరించిపోయిన సముద్రపు ఆవు (నీటిలో బతికే, పాలిచ్చే జంతువు) పక్కటెముక. 1922లో శిలాజ శాస్త్రవేత్త ఆలివర్ హే ఇక్కడి జాతికి పేరు పెట్టారు. చేతిలోకి తీసుకుంటే నల్లగా, రాయిలా బరువుగా ఉంటుంది. విరిగిన చోట చూడండి, మూలుగకు చోటే ఉండదు, అంచు నుంచి అంచుదాకా గట్టి ఎముకే. నీటి అడుగున గడ్డి మేసే జంతువు పైకి తేలిపోకుండా ఆ బరువే కాపాడేది. మిగతా ఎముకలు పొడైనా పక్కటెముకలు ఇన్నేళ్లు నిలిచింది కూడా ఆ గట్టిదనం వల్లే.

కెరటం ఎక్కడి నుంచో ఈడ్చుకొచ్చిన ముక్కకు పర్మిట్ దేనికని, తాము ఏరకపోతే ఇసుకలో అరిగిపోదా అని సేకరించేవాళ్లు అడుగుతారు. ఇచ్చిన అనుమతిని రాష్ట్రం మళ్ళీ వెనక్కి తీసుకుంటుందేమోనన్న భయమూ వాళ్లకుంది, దానికీ కారణం ఉంది. నదుల్లో దొరికిన పురావస్తువులను రిపోర్టు చేసి ఉంచుకోనిచ్చే పథకాన్ని రాష్ట్రం 1996లో పెట్టి 2005లో ఎత్తేసింది.

కానీ ఈ పర్మిట్ ఖర్చు ఏడాదికి 5 డాలర్లు. దొరికినవేమిటో, ఎక్కడ దొరికాయో రాసి పంపాలి. 60 రోజుల్లో మ్యూజియం అడగకపోతే అవి మీవే. ఒక్క పక్కటెముక కొత్తగా చెప్పేది తక్కువే కావచ్చు. అదే చోట రేపు పుర్రె ముక్క దొరికితే? చోటు రాసిపెట్టి ఉంటేనే పరిశోధకులు అక్కడికి వెళ్లి మిగతాది వెతకగలరు. ఎవరి షెల్ఫులోనో పేరూ ఊరూ లేకుండా పడి ఉంటే ఆ దారి మూసుకుపోతుంది.

ఒక్క జాగ్రత్త: స్టేట్ పార్కుల్లో ఈ పర్మిట్ ఉన్నా ఎముక తీయకూడదు.