బీపీ, షుగర్‌లకు టీకా వచ్చేసిందా? అపోహలు - వాస్తవాలు

హనుమకొండలో నేను రోజూ చూసేది ఎక్కువగా బీపీ, షుగర్ పేషెంట్లనే. పరకాల, నర్సంపేట వైపు నుంచి వచ్చేవాళ్లు ఈమధ్య ఫోన్‌లో వీడియో చూపించి, "సార్, ఒక్క సూదితో షుగర్ పోతదంట, నిజమేనా?" అని అడుగుతున్నారు. ఆ సూది మీద ఆశతో కొందరు గోలీలు మానేస్తున్నారు. నా టెన్షన్ అదే.

అపోహ: బీపీకి టీకా ఎప్పుడో తయారైంది, కంపెనీలే దాచిపెట్టాయి.

వాస్తవం: ప్రయత్నం జరిగిన మాట నిజం. రక్తనాళాలను బిగించే యాంజియోటెన్సిన్-2 మన ఒంట్లోనే తయారవుతుంది. దాన్ని పట్టుకునే యాంటీబాడీలను (ఒంటి రక్షణ వ్యవస్థ తయారుచేసే ప్రొటీన్లను) పుట్టించే టీకాను స్విట్జర్లాండ్‌కు చెందిన సైటోస్ కంపెనీ తయారుచేసింది. 72 మంది మీద పరీక్షించి, ఫలితాలను 2008లో లాన్సెట్ పత్రికలో ప్రచురించారు. ఎక్కువ మోతాదు తీసుకున్నవాళ్లకు, ఉత్తుత్తి సూది వేయించుకున్నవాళ్లతో పోలిస్తే, పగటి బీపీ పై అంకె 9, కింది అంకె 4 తగ్గింది. తర్వాత డోసులు దగ్గర దగ్గరగా ఇచ్చి చూస్తే ఆ ఫలితం మళ్లీ రాలేదు. ఇందులో దాచిందేమీ లేదు.

అసలు కష్టం వేరే ఉంది. పోలియో టీకా కొట్టేది బయటి నుంచి వచ్చిన వైరస్‌ను. ఇక్కడ కొట్టాల్సింది మన సొంత పదార్థాన్ని. గోలీ పడకపోతే రేపే ఆపేస్తాం. యాంటీబాడీలను అలా ఆపలేం, నెలల తరబడి ఉంటాయి. మే నెల ఎండలో విరేచనాలు పట్టుకుని బీపీ పడిపోతే, దాన్ని నిలబెట్టే వాటిలో ఆ యాంజియోటెన్సిన్ ఒకటి. అప్పుడేం చేయాలి? ఇలాగే మన సొంత పదార్థం మీద గురిపెట్టిన అల్జీమర్స్ (మతిమరుపు జబ్బు) టీకా ఒకదాని పరీక్షను 2002లో మధ్యలోనే ఆపేశారు. వేయించుకున్నవాళ్లలో దాదాపు 6 శాతం మందికి మెదడు, దాని పొరలు వాచాయి. అందుకే ఈ రంగంలో తొందరపడొద్దంటాను.

అపోహ: టీబీ రాకుండా వేసే బీసీజీ సూదితో షుగర్ తగ్గుతుంది.

వాస్తవం: అమెరికాలో పరిశోధన జరుగుతున్నది టైప్-1 షుగర్ మీద, అంటే ఒంట్లో ఇన్సులిన్ తయారీయే దాదాపు ఆగిపోయే రకం మీద. మన దగ్గర పెద్దవాళ్లలో ఎక్కువగా కనిపించేది టైప్-2, అంటే ఇన్సులిన్ సరిగా పనిచేయని రకం. దానికోసం బీసీజీ వేయించుకోకండి.

అపోహ: ఆరు నెలలకోసారి వేసే కొలెస్ట్రాల్ సూది టీకానే.

వాస్తవం: కాదు. ఇన్‌క్లిసిరాన్ అనే ఆ మందు కాలేయంలో ఒక ప్రొటీన్ తయారీని తగ్గిస్తుంది. యాంటీబాడీలతో దానికి పనిలేదు.

అపోహ: అంటువ్యాధులకు తప్ప టీకాలు దేనికీ పనికిరావు.

వాస్తవం: హెపటైటిస్-బి టీకా వైరస్‌ను ఆపి, దానివల్ల వచ్చే కాలేయ క్యాన్సర్‌నూ ఆపుతుంది. 1984లో పసిపిల్లలకు ఈ టీకా మొదలుపెట్టిన తైవాన్‌లో పిల్లల్లో ఆ క్యాన్సర్ తగ్గింది. మన సర్కారు దవాఖానల్లో ఇది ఉచితం. మీ ఇంట్లో కాన్పు ఉంటే, బిడ్డ పుట్టిన 24 గంటల్లోపు ఆ డోసు పడిందో లేదో అడిగి తెలుసుకోండి.