వాచీ తక్కువ చూపిస్తే మీరు తక్కువ నడిచినట్టు కాదు

మొన్న నా దగ్గరికి ఫిజియోథెరపీకి ఒక మాస్టారు వచ్చారు. మోకాలి చిప్ప మార్పిడి జరిగి ఐదు వారాలు. ఈపాటికి తగ్గాల్సిన వాపు తగ్గలేదు సరికదా, మోకాలు పొంగి, ముట్టుకుంటే వేడిగా ఉంది. ఏం చేశారండీ అంటే కాసేపు మాట్లాడలేదు. కొడుకు కొనిచ్చిన స్మార్ట్‌వాచీ రాత్రయ్యేసరికి మూడు వందల అడుగులే చూపిస్తోందట. "నాన్నా, మీరు అసలు మంచం దిగట్లేదు" అని ఆ అబ్బాయి రోజూ ఫోన్లో ఒకటే పోరు. దాంతో వారం రోజులుగా నేను చెప్పినదానికి రెట్టింపు నడిచారు, పళ్ళ బిగువున నొప్పి ఓర్చుకుని. అయినా వాచీ నాలుగు వందలు దాటలేదు.

వాకర్ పట్టించి గదిలో అటూ ఇటూ నడిపించాను. పక్కన నేను పైకి లెక్కపెడుతున్నాను. సరిగ్గా వంద అడుగులకు వాచీ లెక్క తొమ్మిది! అదే వాచీ తీసి చీలమండ దగ్గర సాక్సులో దోపి మళ్ళీ నడిపిస్తే తొంభై దాటింది. మాస్టారు దాన్ని తిప్పి తిప్పి చూసి, "అయితే నేను నడుస్తూనే ఉన్నానన్నమాట" అన్నారు.

ఫిజియోథెరపీలో ఉన్నందుకు ఈ కథ నాకు నెలకు రెండు మూడు సార్లు ఎదురవుతుంది. అందుకే ముందు దీని సంగతి తేలుద్దాం.

అపోహ: వాచీ మన అడుగుల్ని లెక్కపెడుతుంది.

మణికట్టు మీదున్న దానికి మీ కాళ్ళ సంగతి ఏం తెలుస్తుంది? లోపలుండేది యాక్సిలరోమీటర్ అనే చిన్న చిప్. అది మూడు దిక్కుల్లో కుదుపును కొలుస్తుంది, అంతే. నడుస్తుంటే చెయ్యి ఊగుతుంది, మడమ నేలకు తగిలిన అదురు ఒంటిగుండా పైకి వస్తుంది. ఆ కుదుపుల్లో ఒక లయ దొరికితే సాఫ్ట్‌వేర్ దాన్ని నడక అనుకుని అడుగులు రాసుకుంటుంది. అంటే తెర మీద కనిపించే అంకె ఒక అంచనా.

చేతులు ఊపుకుంటూ మామూలు వేగంతో, చదునైన చోట నడిచేవాళ్ళకు ఈ అంచనా బాగానే కుదురుతుంది. వందకు రెండు మూడు అటూ ఇటూ, దానికి గొడవ అక్కర్లేదు. చిక్కంతా నెమ్మదిగా నడిచేవాళ్ళతోనే. నడక గంటకు 3 కిలోమీటర్ల కంటే తగ్గేకొద్దీ అదురు సన్నబడుతుంది, అడుగులు లెక్కలోంచి జారిపోతాయి. చెయ్యి వాకర్ మీదో, ట్రాలీ మీదో, ట్రెడ్‌మిల్ కడ్డీ మీదో ఉంటే ఊపు కూడా ఉండదు. పైగా చాలా వాచీలు వరసగా కొన్ని అడుగులు పడేదాకా లెక్క మొదలుపెట్టవు. లేకపోతే తల గోక్కున్నా ఒక అడుగే కదా! కానీ ఇంట్లో నడక ఎలా ఉంటుంది? మంచం నుంచి కుర్చీకి నాలుగు, కుర్చీ నుంచి కుళాయికి ఆరు. ఇలాంటి ముక్కల నడకంతా గాలిలో కలిసిపోతుంది.

చూడండి, పెద్దవాళ్ళు, పక్షవాతం నుంచి కోలుకుంటున్నవాళ్ళు, పార్కిన్సన్స్‌తో కాళ్ళు ఈడ్చి నడిచేవాళ్ళు, ఆపరేషన్ అయినవాళ్ళు... ఎవరికి ఆ అంకె ఎక్కువ అవసరమో వాళ్ళకే అది తప్పు చెబుతుంది. మాస్టారి విషయంలో ఇంకో మెలిక కూడా ఉంది. నొప్పి పెరిగేకొద్దీ నడక ఇంకా నెమ్మదించింది. నెమ్మదించేకొద్దీ వాచీ ఇంకా తక్కువ చూపించింది. అది చూసి ఆయన ఇంకా నడిచారు.

కాబట్టి టెన్షన్ పడేముందు వంద అడుగులు మీరే లెక్కపెట్టుకుని నడవండి, వాచీ ఎంత అందో చూడండి. బాగా తేడా ఉంటే దాన్ని నడుముకో, చీలమండకో మార్చి మళ్ళీ చూడండి. ఎక్కడ బాగా కుదిరితే ఇక రోజూ అక్కడే. ఈ రోజు లెక్కను మీ నిన్నటి లెక్కతోనే పోల్చండి, పక్కింటాయన వాచీతో కాదు. ఇంట్లోవాళ్ళకు ఒక్క మాట: ఫోన్లో అంకె చూసి పెద్దవాళ్ళను కోప్పడకండి, పక్కన నిలబడి ఒకసారి లెక్కపెట్టండి.

అపోహ: ఎక్కువ చూపిస్తే ఎక్కువ నడిచినట్టే.

ఇదీ కాదు. చప్పట్లు కొట్టినా, పిండి పిసికినా కొన్ని వాచీలు అడుగులే అంటాయి. నేను రోజంతా పేషెంట్ల నడుములు, భుజాలు పిసికే మనిషిని. ఒకరోజు ఒకే బల్ల దగ్గర నిలబడి పనిచేస్తుంటే ఆ రోజు అడుగుల టార్గెట్ పూర్తయిందని వాచీ తెర మీద టపాసులు పేలాయి. సిగ్గులేకుండా కాసేపు సంతోషించాను కూడా.

అపోహ: పదివేలు నడవకపోతే దండగ.

ఆ అంకె వైద్యులు కూర్చుని తేల్చింది కాదు. 1965లో జపాన్‌లో యమాసా అనే కంపెనీ ఒక అడుగుల మీటరు అమ్మింది, దాని పేరుకు అర్థమే పదివేల అడుగుల మీటరు. సగటున 72 ఏళ్ళున్న అమెరికా మహిళలు దాదాపు 17 వేల మందిని గమనించి 2019లో ప్రచురించిన అధ్యయనంలో, రోజుకు 2,700 అడుగులు వేసేవాళ్ళ కంటే 4,400 వేసేవాళ్ళలో మరణాలు బాగా తక్కువ. 7,500 దగ్గర ఆ లాభం ఇంచుమించు ఆగిపోయింది. వాళ్ళకు పరికరం కట్టింది నడుముకు, మణికట్టుకు కాదు.

ఇక క్యాలరీల అంకె. దాన్ని నమ్మి ఒక ముద్ద ఎక్కువ తినేవాళ్ళున్నారు. 2017లో స్టాన్‌ఫర్డ్‌వాళ్ళు ఏడు పరికరాలు పరీక్షిస్తే, క్యాలరీల్లో అన్నిటికంటే మెరుగైనదే 27 శాతం తప్పింది. కిలోమీటర్లంటారా, జీపీఎస్ లేనప్పుడు అడుగుల లెక్కను మీ ఎత్తును బట్టి ఊహించిన అంగతో గుణిస్తారు. అడుగులే తప్పితే అదీ తప్పుతుంది.

మాస్టారు మళ్ళీ నేను చెప్పినంతే నడుస్తున్నారు, వాపు దిగింది. వాచీ సాక్సులోనే ఉంటోంది, టైమ్‌కి గోడ గడియారం చూస్తున్నారట. "ఇప్పుడు దారిలో పడ్డారు నాన్నా" అని కొడుకు మెచ్చుకున్నాడట. సాక్సు సంగతి అతనికి ఇంకా చెప్పలేదు.