‘ఇంట్లో కూర్చుని రాసుకోవచ్చుగా’: ఫ్రీలాన్స్ రాతపనిపై అపోహలు - వాస్తవాలు

బెంగళూరులో ఒక బీమా సంస్థలో క్లెయిమ్ కాగితాలు చూసే ఉద్యోగం నాది. ఒక శుక్రవారం మా టీమ్ మొత్తాన్నీ తీసేశారు. పిల్లలిద్దరితో కడపకు వచ్చేసి, ఫ్రీలాన్స్‌గా రాయడం మొదలుపెట్టి ఇది ఐదో ఏడు. ఉద్యోగం పోయిన తల్లులు, తండ్రులు ఈ మధ్య తరచూ ఫోన్ చేస్తున్నారు. వాళ్ల నోట పదేపదే వింటున్న మాటలివి.

అపోహ: తెలుగు బాగా వస్తే చాలు.

నేనూ అదే అనుకున్నా. మొదటి పనిని తెల్లకాగితం మీద రాసి, ఏడు రోడ్ల దగ్గర డీటీపీ షాపులో టైప్ చేయించి, పని ఇచ్చినవాళ్లకు పంపా. అరగంటకే ఫోన్: "మేడమ్, ఏదో తేడాగా ఉంది, చూడండి." వాళ్ల స్క్రీన్ మీద తెలుగన్నదే లేదు. ఇంగ్లిషు అక్షరాలు, మధ్యలో వింత గుర్తులు. షాపులో కొట్టింది అను ఫాంటులో. పెళ్లిపత్రికలకు, ఫ్లెక్సీలకు అది బాగానే పనికొస్తుంది. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే ఇదీ గతి. వెబ్‌సైట్లకు, యాప్‌లకు యూనికోడ్ కావాలి, అంటే ఏ కంప్యూటర్లో తెరిచినా తెలుగు తెలుగులాగే కనిపించే పద్ధతి. అందులో తెలుగు కొట్టే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు నేర్చుకోవడానికి నాకు మూడు వారాలు పట్టింది. ఒత్తు రావాలంటే ముందు పొల్లు కొట్టాలన్నది వేళ్లకు ఎక్కడానికే ఒక వారం.

అపోహ: ఏఐ వచ్చాక రాసేవాళ్లకు పనెక్కడిది?

తగ్గిన పనులున్నాయి, కాదనను. ఆన్‌లైన్‌లో అమ్మే చీరకో, కుక్కరుకో నాలుగు లైన్లు రాసే పని నాకిప్పుడు దాదాపు రావడం లేదు. యంత్రం చేసిన అనువాదాన్ని దిద్దే పని వస్తోంది. రేటు తక్కువ, విసుగు ఎక్కువ. అయినా మనిషి ఎందుకు కావాలో ఒక్కోసారి ఒక్క మాటలో తెలిసిపోతుంది. ఒక జీవిత బీమా కాగితంలో గ్రేస్ పీరియడ్‌కు ‘దయా కాలం’ అని వచ్చింది! గడువు దాటినా ప్రీమియం కట్టుకోవడానికి ఇచ్చే రోజులవి. నెలనెలా కట్టేవాళ్లకు 15, ఏడాదికోసారి కట్టేవాళ్లకు 30. ‘గడువు దాటాక కట్టడానికి ఇచ్చే అదనపు రోజులు’ అని మార్చా. మా జేజి చదివినా అర్థం కావాలి కదా. ఇది నాకు చెప్పింది తెలుగు వ్యాకరణం కాదు, పాత ఉద్యోగం. మీరు బ్యాంకులో చేశారా, ఆసుపత్రి బిల్లింగులోనా, విత్తనాల కంపెనీలోనా? అక్కడి సంగతులే ముందు రాయండి. కవితలు తర్వాత చూసుకోవచ్చు.

అపోహ: పదానికి ఇంత అంటే లెక్క తేలికే.

ఏ భాష పదానికి? చాలామంది మునిగేది ఇక్కడే. ‘ఐ వాజ్ నాట్ ఏబుల్ టు కమ్’ అంటే ఇంగ్లిషులో ఆరు పదాలు. తెలుగులో ‘రాలేకపోయాను’, ఒక్కటే. మనం అన్నీ మాటకే అతికిస్తాం కాబట్టి, వెయ్యి ఇంగ్లిషు పదాలు నా చేతిలో ఏడొందల చిల్లరకు దిగుతాయి. తెలుగు పదాల లెక్కన ఒప్పుకున్నారో, పావు వంతుకు పైగా కూలి పోయినట్టే. అనువాదమైతే మూలంలోని పదాలకే రేటు అడగండి. సొంతంగా రాసేదైతే వ్యాసానికి ఇంతని మాట్లాడుకోండి. ఎన్నిసార్లు దిద్దిస్తారో కూడా ముందే తేల్చుకోండి. నేను రెండుసార్లే అంటా.

అపోహ: ఇంట్లోనే కదా, పిల్లల్ని చూసుకుంటూ రాసుకోవచ్చు.

ఈ మాట అనేవాళ్లు ఒక్కపూటైనా పిల్లలను ఒంటిచేత్తో చూసుకుని ఉండరు. బడి ఆటో ఎనిమిదింబావుకు వెళ్తుంది, మూడుముప్పావుకు వస్తుంది. లెక్కకు ఏడున్నర గంటలు. వంట, గిన్నెలు, ఫోన్లు తీసేస్తే నాలుగు. ఆ నాలుగు గంటల పనే ఒప్పుకుంటా. సాయంత్రం పిల్లలు హోంవర్కు చేస్తుంటే పక్కన కూర్చుని బిల్లులు, మెయిళ్లు చూసుకుంటా, కొత్త రాత ముట్టను. చిన్నోడికి జ్వరమొచ్చిన ఒక వారం మూడు పనులు పట్టుకుని, మూడింటికీ గడువు తప్పా. అందులో ఒకరు మళ్లీ పిలవలేదు. అప్పట్నుంచి రెండు రోజుల పనికి నాలుగు రోజులు అడుగుతున్నా. వేసవిలో ఇద్దరినీ ప్రొద్దుటూరులో మా అమ్మ దగ్గర వదులుతా. జూన్ ఫీజులు కట్టేది ఆ నెలన్నర రాతతోనే.

అపోహ: డబ్బులు గట్టిగా అడిగితే మళ్లీ పనివ్వరు.

ఒక కంపెనీ నా బిల్లును నాలుగు నెలలు తిప్పింది. ‘వచ్చే వారం మేడమ్’ అన్న మాట ఎన్నిసార్లు విన్నానో. తర్వాత చిన్న సంస్థల నమోదుకు ప్రభుత్వం పెట్టిన ఉద్యమ్ పోర్టల్‌లో సూక్ష్మ సంస్థగా నమోదు చేసుకున్నా, రూపాయి ఖర్చు లేదు. చిన్న సంస్థల కోసం 2006లో తెచ్చిన ఎంఎస్‌ఎంఈ చట్టం ప్రకారం, మన డబ్బు కట్టడానికి గడువు రాసుకున్నా అది 45 రోజులు మించకూడదు. ఏమీ రాసుకోకపోతే 15 రోజులే. దాటితే వడ్డీతో కట్టాలి. పని ఒప్పుకునే ముందే నమోదు చేసుకోవడం మంచిది సుమా. ఇప్పుడు ప్రతి బిల్లు కింద ఉద్యమ్ నంబరు, ఆ గడువు చెప్పే చట్టంలోని సెక్షన్ 15 ఒక లైనులో రాస్తా. అకౌంట్స్ వాళ్ల గొంతే మారిపోయింది, పని మాత్రం ఆగలేదు.

బిల్లులోంచి ముందే పట్టుకునే పన్ను, అదే టీడీఎస్, కోశారని కంగారు పడకండి, రిటర్నులో సర్దుకుంటుంది. ఏడాదికి 20 లక్షలు దాటితే గానీ జీఎస్టీ రిజిస్ట్రేషన్ గొడవ లేదు. మనకు ఆ టెన్షన్ ఇప్పట్లో రాదులెండి.

అపోహ: కడపలో కూర్చుంటే ఏం రాతపని దొరుకుతుంది?

రెండొందల ఏళ్ల కిందటే ఈ ఊళ్లో రాతపనికి జీతాలు దొరికాయి. 1820లో ఇక్కడికొచ్చిన ఇంగ్లిషు అధికారి సి.పి. బ్రౌన్ బంగళా కొని, పండితులకు జీతాలిచ్చి, రాతప్రతులకు నకళ్లు తీయించాడు, తప్పులు దిద్దించాడు. ఆ చోటే ఇప్పుడు బ్రౌన్ గ్రంథాలయం. ఇంట్లో కరెంటు పోతే నేను వెళ్లి కూర్చునేది అక్కడే.

అపోహ: ఉద్యోగం పోయిన సంగతి బయటికి తెలియకూడదు.

నేనూ రెండు నెలలు దాచా. చుట్టాలు అడిగితే ‘వర్క్ ఫ్రమ్ హోమ్’ అన్నా. చివరికి ఉండబట్టలేక, ఆఫీసులో నా పక్క సీటు అమ్మాయికి ఫోన్ చేసి ఏడ్చినంత పని చేశా. అప్పటికే తను వేరే చోట చేరిపోయింది. అంతా విని, "అక్కా, మా వాళ్లకు పాలసీ కరపత్రం ఒకటి తెలుగులో కావాలంట, రాస్తావా?" అంది. డీటీపీ షాపులో అను ఫాంటులో కొట్టించింది ఆ కరపత్రాన్నే.