బ్రిటన్ చిల్లర నాణేలు: అపోహలు – వాస్తవాలు

"అన్నా, ఇది లక్షలు పలుకుతుందట, నిజమేనా?" బర్మింగ్‌హామ్‌లోనో లెస్టర్‌లోనో చదువుకుంటున్న మన పిల్లలు నాకు తరచూ నాణేల ఫొటోలు పంపుతుంటారు. పన్నెండేళ్లుగా ఈ నాణేలు సేకరిస్తున్నాను కాబట్టి, ఎక్కువగా వినే మాటలకు ఇక్కడ జవాబు రాస్తున్నాను.

అపోహ: "న్యూ పెన్స్" అని రాసి ఉన్న 2 పెన్స్ నాణెం చాలా అరుదు.

వాస్తవం: 1971 ఫిబ్రవరి 15 వరకు పౌండుకు 240 పెన్నీలు (పెన్స్ అన్నా అవే). ఆ రోజు నుంచి వంద. పాత పెన్నీతో తికమక పడకూడదని కొత్త నాణేల మీద "న్యూ" అని చేర్చారు, 1981 దాకా అలాగే కొట్టారు. 1971 తేదీతో వచ్చిన 2 పెన్స్ నాణేలే వంద కోట్లకు పైన ఉన్నాయి! వాటి విలువ రెండు పెన్నీలే. 1982లో ఆ మాట మార్చేశారు. కానీ 1983లో కొన్నింటి మీద పొరపాటున పాత అచ్చే పడింది. వందల పౌండ్లు పలికేవి అవి మాత్రమే. అవి సేకర్తల కోసం చేసిన సెట్లలో వెళ్లాయి కాబట్టి చిల్లరలో దొరుకుతాయని ఆశ పెట్టుకోవద్దు.

అపోహ: 2 పౌండ్ల నాణెం అంచు మీద అక్షరాలు తలకిందులుగా ఉంటే అది ముద్రణ తప్పు.

వాస్తవం: కాదు. అంచు మీద అక్షరాలు ముందే వేస్తారు, బొమ్మ, బొరుసు తరువాత పడతాయి. బిళ్ల అచ్చులోకి ఏ వైపు పడుతుందో ఎవరూ చూడరు. అందుకే దాదాపు సగం నాణేలు "తలకిందులే". 1997 నాణెంలో రాణి మెడలో హారం ఉంటే అరుదన్నదీ ఇలాంటి పుకారే. అవి కోటికి పైగా ఉన్నాయి.

అపోహ: తక్కువ కొడితే ఎక్కువ ధర.

వాస్తవం: ఇది సగం నిజం, మిగతా సగమే నాకు ఎక్కువ ఇష్టం. 2009లో లండన్‌లోని క్యూ గార్డెన్స్ అనే ఉద్యానవనం పేరిట 50 పెన్స్ నాణేలు 2.1 లక్షలు కొట్టారు. చిల్లరలో తిరిగిన నాణెమే ఇప్పుడు వంద పౌండ్లు దాటుతుంది. 1992–93 తేదీలున్న యూరోపియన్ కమ్యూనిటీ (ఐరోపా దేశాల కూటమి) 50 పెన్స్ అంతకంటే తక్కువ, 1.09 లక్షలే. అయినా క్యూ కంటే చవకగా దొరుకుతుంది. ఎందుకంటే అది పాత పెద్ద సైజు నాణెం. 1997లో సైజు తగ్గించి, మరుసటి ఏడాది పెద్దవాటిని చలామణి నుంచి తీసేశారు. రేపు పాలు కొన్న చిల్లరలో క్యూ దొరకవచ్చు, అది మాత్రం దొరకదు. వెతికేవాళ్లు ఎంతమంది ఉంటే ధర అంత.

క్యూ కొనేవాళ్లకు ఒక మాట: నకిలీలు చాలా ఉన్నాయి. అసలుది 8 గ్రాములు, అయస్కాంతానికి అతుక్కోదు. 2019 తేదీతో మళ్లీ చేసినది సేకర్తల సెట్ల కోసం, దాన్ని 2009దని పొరబడవద్దు.

అపోహ: తేదీ లేని 20 పెన్స్‌తో కారు కొనవచ్చు.

వాస్తవం: నాణెం నిజమే, కారు నిజం కాదు. 2008లో డిజైన్లు మార్చినప్పుడు తేదీ బొరుసు వైపు నుంచి రాణి బొమ్మ వైపుకు వెళ్లింది. కొన్నింటికి కొత్త బొరుసు, పాత బొమ్మ కలిశాయి, తేదీ రెండు వైపులా లేకుండా పోయింది. మంచి ధరే, కానీ పదుల పౌండ్లలో.

ఈబే అనే ఆన్‌లైన్ అమ్మకాల సైట్‌లో పది వేల పౌండ్లు అడుగుతున్నారని టెన్షన్ పడకండి. అడగడం ఎవరైనా అడుగుతారు. "సోల్డ్" అని ఫిల్టర్ పెట్టి, నిజంగా అమ్ముడైన ధరలే చూడండి.

అపోహ: శుభ్రంగా తోమితే విలువ పెరుగుతుంది.

వాస్తవం: మొదట్లో నేనూ అలాగే అనుకున్నాను. అమ్మ దీపపు కుందులు తోమినట్టే చింతపండుతో ఒక 2 పెన్స్ కంచు నాణేన్ని తోమాను. తళతళలాడింది. అప్పటిదాకా దాని మీదున్న సహజమైన గోధుమ రంగు పోయి, చిన్న చిన్న గీతలు మిగిలాయి. ఎప్పటికీ పోవు. మురికిగా ఉన్నా సరే, మీ నాణేన్ని అలాగే ఉంచండి.