‘ఏమీ జరగలేదు’ అంటున్న ఎపిసోడ్‌లోనే అంతా జరిగింది: వాకింగ్ డెడ్‌పై అపోహలు - వాస్తవాలు

చచ్చినవాళ్లు లేచి తిరిగే లోకంలో బతికున్నవాళ్ల కథ చెప్పే అమెరికన్ టీవీ ధారావాహిక ‘ద వాకింగ్ డెడ్’ మీద ఎపిసోడ్ వారీగా సమీక్షలు రాయడం మొదలుపెట్టినప్పటి నుంచీ నాకు అన్నిటికన్నా ఎక్కువగా వచ్చే ప్రశ్న ఒకటే. “అక్కా, ఇందులో ఏమీ జరగలేదట కదా, వదిలేసి తర్వాతది చూసేయనా?” కొత్తగా మొదలుపెట్టిన వాళ్లు అడుగుతారు, సగంలో ఆపేసిన వాళ్లు అడుగుతారు. ఎవరో ఒకరు చూడాల్సినవి ఇవి, వదిలేయాల్సినవి ఇవి అని జాబితా తయారుచేసి గ్రూపుల్లోకి వదులుతారు. అది ఫార్వర్డ్ అవుతూ అవుతూ శాసనమైపోతుంది. ఈమధ్య నాకు చేరిన ఒక జాబితాలో మూడో సీజన్ పన్నెండో ఎపిసోడ్ ‘క్లియర్’ వదిలేయాల్సిన వాటిలో ఉంది. అది చూశాక ఊరుకోలేక ఇది రాస్తున్నాను. ముందే చెబుతున్నాను, కింద ఎనిమిదో సీజన్ దాకా కథ బయటపడుతుంది.

అపోహ: అసలు కథ ముందుకు కదలకపోతే, మనకు తెలిసిన పాత్ర ఎవరూ చావకపోతే, అది ఫిల్లర్, అంటే ఊరికే నింపడానికి పెట్టిన ఎపిసోడ్.

వాస్తవం: ఎపిసోడ్ మొదలైనప్పుడున్న మనిషి, ముగిసేసరికి అదే మనిషిగా ఉన్నాడా లేడా అన్నదే చూడాలి. సమీక్షకు కూర్చున్నప్పుడు నేను మొదట చూసేది ఇదే. చచ్చిన వాకర్లు (లేచి తిరిగే శవాలు) ఎందరు, పేలిన తుపాకులెన్ని అన్నవి ఆ తర్వాత.

‘క్లియర్’ 2013 మార్చి 3న వచ్చింది. అప్పటికి కథ ఎక్కడుందో గుర్తుచేసుకోండి. జైల్లో కథానాయకుడు రిక్ బృందం, వుడ్‌బరీ అనే ఊళ్లో వాళ్ల శత్రువు గవర్నర్, మధ్యలో యుద్ధం ముంచుకొస్తోంది. ప్రేక్షకుడు యుద్ధం కోసం కూర్చున్నాడు. అలాంటి సమయంలో రిక్, అతని కొడుకు కార్ల్, వాళ్లతో కొత్తగా చేరిన మిషోన్ ముగ్గురే కారెక్కి ఆయుధాల కోసం రిక్ సొంతూరికి బయల్దేరతారు. మిగతా పాత్రలు ఒక్కటీ కనిపించవు. గవర్నర్ లేడు. యుద్ధం అంగుళం కదలదు. జాబితా రాసినాయన లెక్కలో ఇది దండగ.

ఆ ఊళ్లో వాళ్లకు దొరికేది మోర్గాన్. మొట్టమొదటి ఎపిసోడ్‌లో, 2010 అక్టోబర్ 31న, ఆస్పత్రి నుంచి బయటపడిన రిక్‌కి లోకం ఏమైపోయిందో చెప్పిన మనిషి. కొడుకు డ్వేన్‌తో ఒక ఇంట్లో దాక్కుని ఉంటాడు. వాకర్‌గా మారిన భార్య జెన్నీ వీధిలో తిరుగుతుంటే కిటికీలోంచి తుపాకి గురిపెట్టి, కాల్చలేక ఏడుస్తాడు. రిక్ వెళ్లిపోతూ అతనికో వాకీటాకీ ఇచ్చి, రోజూ తెల్లవారుజామున ఆన్ చేస్తానని మాటిస్తాడు. ‘క్లియర్’లో తెలుస్తుంది, ఆ కాల్చలేకపోవడం వల్ల ఏమైందో. తల్లి ఎదురొచ్చినప్పుడు డ్వేన్ కూడా ట్రిగ్గర్ నొక్కలేకపోయాడు. ఆమే కొడుకుని కరిచింది. ఇప్పుడు మోర్గాన్ ఊరంతా ఉచ్చులు పన్ని, గోడల నిండా రాతలు రాసుకుంటూ, వాకర్లను చంపుతూ కాల్చేస్తూ ఒంటరిగా బతుకుతున్నాడు. తుపాకులు గదినిండా ఉన్నాయి. అవి పట్టుకుని నిలబడాల్సిన మనిషి మాత్రం లోపల కూలిపోయాడు. తెల్లవారుజామున పిలిచాను, నువ్వు పలకలేదు అని రిక్ మీద విరుచుకుపడతాడు. మంచివాళ్లూ చస్తారు, చెడ్డవాళ్లూ చస్తారు, మిగిలేది నాలాంటి బలహీనులే అంటాడు.

అదే రోజుల్లో రిక్‌కి చనిపోయిన భార్య లోరీ కనిపిస్తోంది. అంటే మోర్గాన్ గదిలో రిక్ చూస్తున్నది తన రేపటి రూపాన్ని. దీన్ని ఎవరూ నోటితో చెప్పరు. రిక్‌గా ఆండ్రూ లింకన్, మోర్గాన్‌గా లెనీ జేమ్స్ ఎదురెదురుగా కూర్చున్న ఆ సీను చూస్తే చెప్పాల్సిన అవసరమూ ఉండదు. ఈ ధారావాహికలో నటన గురించి ఎవరైనా అడిగితే నేను ముందుగా చూపించేది ఆ గదినే.

ఇంకోవైపు కార్ల్. చెల్లెలు జూడిత్‌కి ఉయ్యాల తెస్తానని చెప్పి వెళ్తాడు. నిజానికి అతను వెళ్లింది ఊళ్లోని కేఫ్‌లో గోడకున్న కుటుంబం ఫొటో కోసం. అమ్మ ఎలా ఉండేదో చెల్లెలికి తెలియాలని. ప్రాణం పోయేలా ఉన్నా ఆ ఫొటో తెచ్చిపెట్టేది మిషోన్. అప్పటిదాకా ఆమెను నమ్మని పిల్లాడు చివర్లో తండ్రితో, ఆమె మన మనిషే అనుకుంటా అంటాడు. ఆ తర్వాతి సీజన్లన్నిటిలో కార్ల్, మిషోన్ మధ్య కనిపించే బంధానికి పునాది ఇక్కడ పడింది. దీన్ని దాటేసినవాళ్లే తర్వాత వచ్చి “వీళ్లిద్దరూ ఎప్పుడు ఇంత దగ్గరయ్యారు? రచయితలు మర్చిపోయారు” అని రాస్తుంటారు. రచయితలు మర్చిపోలేదు, మీరు చూడలేదు.

ఇక మొదటి సీను, చివరి సీను. నేను ఏ ఎపిసోడ్‌నైనా రెండుసార్లు చూస్తాను. రెండోసారి టైటిల్స్‌కి ముందొచ్చే సీనునీ, ఆఖరి నిమిషాన్నీ పక్కపక్కన పెట్టుకుని చూస్తాను. రాసినవాళ్లు ఏం చెప్పదలుచుకున్నారో చాలాసార్లు అక్కడే దొరుకుతుంది. ‘క్లియర్’ మొదట్లో వీపున సంచితో ఒక ఒంటరి బాటసారి కారు వెంట పరిగెడుతూ ఆగమని బతిమాలుతాడు. కారు ఆగదు. బురదలో ఇరుక్కున్నప్పుడు అతను దాదాపు అందుకుంటాడు, అప్పుడూ ఎక్కించుకోరు. తిరుగు ప్రయాణంలో రోడ్డు మీద అతని శవం. కారు ముందుకెళ్లి, ఆగి, వెనక్కి వచ్చి, సంచి తీసుకుని వెళ్లిపోతుంది.

మా అమ్మకి ఈ కథ ఏమీ తెలియదు, ఇంగ్లీషు రాదు, నెత్తురంటే పడదు. నేను రెండోసారి చూస్తుంటే ఏదో పనిమీద గదిలోకొచ్చి మొదటి సీను దగ్గర నిలబడిపోయింది. “ఆ పిల్లాణ్ణి ఎందుకు ఎక్కించుకోలేదే?” అంది. తర్వాత వెళ్లిపోయింది గానీ మనసు అక్కడే ఉన్నట్టుంది, చివర్లో మళ్లీ వచ్చి చూసి, “మనిషిని వద్దనుకుని సంచి తీసుకుపోతున్నారా!” అని కుర్చీలో కూలబడింది. మోర్గాన్ ఎవరో, రిక్ ఎవరో తెలియని మనిషికి అందిన విషయం, మొత్తం చూసిన అభిమానులకి ‘ఏమీ జరగనిది’గా ఎలా కనబడుతుందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. ఆ ముగ్గురూ ఎంత గట్టిపడిపోయారో ఆ సంచి ఒక్కటే చెప్పేసింది.

ఈ అపోహ వల్ల నష్టం ఎంతో ఆరో సీజన్‌లో ఇంకా బాగా తెలుస్తుంది. 2015 అక్టోబర్ 25న ‘థాంక్ యూ’లో రిక్ బృందంలోని గ్లెన్ చెత్త డబ్బా మీంచి వాకర్ల గుంపులో పడిపోయాడు. పేగులు లాగుతున్నట్టు కనిపించింది. వారం తిరిగేసరికి అందరికీ కావాల్సింది ఒకటే జవాబు. నవంబర్ 1న వచ్చిన ‘హియర్స్ నాట్ హియర్’లో గ్లెన్ ఊసే లేదు. మోర్గాన్, ఈస్ట్‌మన్ అనే మనిషి, ఒక మేక, అడవిలో ఒక గుడిసె. మామూలు ఎపిసోడ్ కన్నా నిడివి కూడా ఎక్కువ. తిట్టనివాళ్లు లేరు. ఇలాంటి సమయంలో ఇదేం ఎపిసోడ్ అని నాకూ గుట్టలుగా సందేశాలు.

మధ్యలో పుకార్లు. గ్లెన్‌గా నటించిన స్టీవెన్ యూన్ పేరు టైటిల్స్‌లోంచి తీసేశారు, కాబట్టి గ్లెన్ చచ్చిపోయాడు, ఇదే రుజువు అని ఒకటే గోల. పేరు తీసేసిన మాట నిజం. చావుకి అది రుజువు కాదు, అనుమానం నిలబెట్టడానికి వేసిన ఎత్తు. నవంబర్ 22న ‘హెడ్స్ అప్’లో గ్లెన్ ఆ డబ్బా కిందకి పాకి బతికి బయటపడ్డాడు. ‘లోపలి సమాచారం’ అంటూ చావు ఖాయం చేసినవాళ్లలో ఒక్కరూ వచ్చి పొరపాటైందని చెప్పింది లేదు. నెలరోజులు ఆ పాత్ర కోసం నిజంగా కుమిలిపోయినవాళ్లను నేనెరుగుదును. వాళ్ల బాధ మీద వ్యూస్ సంపాదించుకున్నవాళ్లంటే నాకు గౌరవం లేదు.

ఆ గొడవలో పడి ఎంతమంది ‘హియర్స్ నాట్ హియర్’ని దాటేశారో! మా పిన్ని కొడుకు ఆ బాపతే. జాబితా ప్రకారం చూసుకుంటూ పోయి, ఒకరోజు అర్ధరాత్రి ఫోన్ చేశాడు. “అక్కా, ఆ కర్ర పట్టుకున్నాయన ఎందుకు ఎవర్నీ చంపనంటాడు? పిచ్చా? ఆయన వల్ల అందరూ చస్తారు!” ‘క్లియర్’ చూశావా అంటే లేదు. ఈస్ట్‌మన్ ఎవరో తెలుసా అంటే తెలియదు. కనబడిన ప్రతివాణ్ణీ చంపుకుంటూ పోయిన మోర్గాన్‌ని ఈస్ట్‌మన్ తన గుడిసెలోని బోనులో ఉంచాడనీ, ఆ బోనుకి అసలు తాళమే వేయలేదనీ, కర్రతో ఆత్మరక్షణ నేర్పాడనీ తెలియకపోతే, ఆ కర్ర పట్టుకున్నాయన పిచ్చివాడిలాగే కనిపిస్తాడు మరి. రెండూ వరసగా చూడమన్నాను. మర్నాడు చూసి ఫోన్ చేశాడు. ఎపిసోడ్ చివర్లో మోర్గాన్ తన దగ్గర బందీగా ఉన్న దుర్మార్గుడి గదికి తాళం వేసి వెళ్తాడు కదా, ఆ తాళం చప్పుడు గురించే చాలాసేపు మాట్లాడాడు. గురువు తెరిచి ఉంచిన తలుపుని శిష్యుడు మూయాల్సి వచ్చింది. మూడు సీజన్ల తర్వాత దాకా ఆ పాత్రని నడిపే సంఘర్షణ అంతా ఆ తాళంలో ఉంది.

బలహీనమైన ఎపిసోడ్లు లేవని నేననడం లేదు. మూడో సీజన్ నుంచి తొమ్మిదో సీజన్ దాకా సీజన్‌కి పదహారు ఎపిసోడ్లు నింపాల్సి వచ్చింది, సాగదీత ఉంటుంది. ఏడో సీజన్‌లో రిక్ బృందంలోని టారా ఒక్కతే ఓషన్‌సైడ్ అనే చోటికి కొట్టుకుపోయే ‘స్వేర్’ నాకు పలచగా అనిపించింది. విచిత్రమేమిటంటే అందులో వంతెన మీద ఇసుకలోంచి లేచే వాకర్లున్నారు, పోరాటం ఉంది, కొత్త ఊరు ఉంది. ఇన్ని ఉన్నా టారా మనసుకి సంబంధించిన అసలు విషయం, ఆమె ప్రేమించిన డెనీస్ ఇక లేదన్న వార్త, చివరి నిమిషాలకి నెట్టేశారు. హడావుడి ఉంటే చాలు మంచి ఎపిసోడ్ అనుకునేవాళ్లు దీన్నీ ‘క్లియర్’నీ ఒకే రోజు చూడండి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను.

కరిస్తేనే వాకర్ అవుతారన్నది అపోహ. ఎలా చచ్చినా లేస్తారు, మెదడు దెబ్బతింటే తప్ప. రోగం అందరిలోనూ ముందే ఉంది. కాటు జ్వరం తెచ్చి చంపుతుంది, అంతే. రాండల్, షేన్ ఇద్దరూ కాటు లేకుండానే లేచారు. అట్లాంటాలోని రోగ నియంత్రణ కేంద్రం సీడీసీలో శాస్త్రవేత్త జెన్నర్ రిక్ చెవిలో చెప్పింది ఇదేనని 2012 మార్చి 18న, రెండో సీజన్ ఆఖరి ఎపిసోడ్‌లో తెలుస్తుంది. పొలంలోనే తిప్పారని అందరూ దాటేసే సీజన్ అదే.

ఈ ధారావాహికకి మూలమైన కామిక్స్ చదివితే అంతా ముందే తెలిసిపోతుందన్నది ఇంకొకటి. డారిల్ కామిక్స్‌లో లేనే లేడు. చిన్నపిల్ల సోఫియా అక్కడ బతికే ఉంటుంది, ఇక్కడ కొట్టంలోంచి వాకర్‌గా నడిచొస్తుంది. కార్ల్ అక్కడ చివరిదాకా ఉంటాడు, ఇక్కడ ఎనిమిదో సీజన్‌లో చనిపోతాడు. గ్లెన్ చావు మాత్రం రెండుచోట్లా విలన్ నీగన్ చేతిలోనే.

ఎక్కువమంది చూశారంటే గొప్ప ఎపిసోడన్నమాట అంటారు. ఐదో సీజన్ మొదటి ఎపిసోడ్‌ని అమెరికాలో కోటీ డెబ్బై లక్షల మందికి పైగా చూశారు. అది చెప్పేది జనం ఎంత ఎదురుచూశారో మాత్రమే. చూశాక ఏమనుకున్నారో అందులో ఉండదు.

సమీక్ష అంటే కథ చెప్పడమే అనుకోవడం కూడా తప్పే. కథ కావాలంటే పది నిమిషాల్లో తెలుగులో చెప్పే వీడియోలు బోలెడున్నాయి, వాళ్ల పని వాళ్లు చేస్తున్నారు. నా పని వేరు.

ఒక్క విషయంలో మాత్రం తొందరపడను. ముందే చెబితే స్పాయిలర్, చెప్పకూడదు అన్నది అందరికీ వర్తించే నియమం కాదు. కోవిడ్ రెండో వేవ్‌లో నాన్నని పోగొట్టుకున్న ఒకమ్మాయి, “ఇందులో నేను చూడలేనివి ఏమైనా ఉన్నాయా, సిగ్గుగా ఉంది అడగడానికి” అని రాసింది. సిగ్గెందుకమ్మా? నాలుగో సీజన్‌లో జైల్లో అంటురోగం వస్తుంది. ‘ఇంటర్న్‌మెంట్’ ఎపిసోడ్‌లో బృందంలోని పెద్దాయన హెర్షెల్ ఒక్కడే రోగుల మధ్య తిరుగుతుంటాడు, మనుషులు ఊపిరాడక పోతుంటారు, గ్లెన్ గొంతులోకి గొట్టం వేసి చేత్తో గాలి కొడతారు. 2013 నవంబర్‌లో వచ్చింది గానీ, 2021 చూసినవాళ్లకి అది వేరేలా తగులుతుంది. ఏ నిమిషంలో ఏముందో ఆమెకి వివరంగా రాసి పంపాను. అదే సీజన్‌లో పద్నాలుగో ఎపిసోడ్ ‘ద గ్రోవ్’ ఉంది. ఇద్దరు అక్కచెల్లెళ్లు, లిజీ, మికా. చాలా గొప్ప ఎపిసోడ్. చిన్నపిల్లల తల్లిదండ్రులు, బిడ్డని పోగొట్టుకున్నవాళ్లు అడిగితే ఏం జరుగుతుందో మొత్తం ముందే చెబుతాను. తెలిసి చూసినంత మాత్రాన దాని బలం తగ్గదు. మనసు బాగోలేనప్పుడు చూడకపోవడం తప్పూ కాదు. ఇది మాత్రం నిజంగా దాటేయడానికి తగిన కారణం.

జాబితాలు నమ్మి మోర్గాన్‌ని కోల్పోయినవాళ్లు ఈ వరసలో చూడండి: మొదటి సీజన్ ఒకటో ఎపిసోడ్, మూడో సీజన్ పన్నెండు, ఐదో సీజన్ ఆఖరిది ‘కాంకర్’, ఆ తర్వాత ఆరో సీజన్ నాలుగు. ‘కాంకర్’ చివర్లో మోర్గాన్ రిక్ బృందం ఉంటున్న అలెగ్జాండ్రియాకి చేరేసరికి, సరిగ్గా ఆ క్షణంలో రిక్ ఒక మనిషిని కాల్చి చంపుతాడు. అప్పుడు ఇద్దరి ముఖాలూ చూడండి. ‘క్లియర్’ చూసి ఉంటేనే ఆ చూపు అర్థమవుతుంది.